బెల్లం మండీ గోడ అవతల

పళ్ళతో పోయిన ఉద్యోగం

ముందరి పై పళ్ళు రెండూ ఒకే ఎండాకాలంలో ఊడిపోయాయి. వాటితో పాటు నా ఉద్యోగమూ ఊడింది. క్లారినెట్ వాయించేవాడు పై పళ్ళను మౌత్‌పీస్ మీద ఆనించి, కింది పెదవిని రీడు అనే సన్న బద్దకు ఆసరాగా పెట్టి ఊదాలి. పళ్ళు లేకపోతే ఆ గొట్టం నోట్లో నిలవదు. కట్టుడు పళ్ళు పెట్టించుకుని కొన్నాళ్ళు తంటాలు పడ్డాను. కాణిపాకంలో ఒక పెళ్ళి ఊరేగింపులో, పాట మంచి పట్టు మీద ఉండగా, ఆ పళ్ళ సెట్టు జారి మౌత్‌పీస్‌తో పాటు బయటికి వచ్చేసింది. పెళ్ళికొడుకు తరఫు ముసలాయన ఒకాయన అది చూసి, "ఏమప్పా, నీ పీపీ నవ్వతా ఉండాది సూడు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి క్లారినెట్‌ను శుభ్రంగా తుడిచి పెట్టెలో పెట్టాను. మళ్ళీ తియ్యలేదు.

నా పేరు చెంగల్రాయులు. చిత్తూరులో బ్యాండు మేళంలోనే నా బతుకంతా గడిచింది. మా మాస్టరు కొడుకు రవి ఇప్పుడు ఆ బ్యాండు నడుపుతున్నాడు. మొన్న ఇంటికి వచ్చి, "మావా, కొత్తగా చేరిన పిల్లోళ్ళకు నాలుగు మాటలు రాసియ్యి. నేను చెప్తే వినరు" అన్నాడు. నేను చెప్తే వింటారని వాడికి ఎవరు చెప్పారో తెలియదు. అయినా రాస్తున్నాను. ఏ ఊళ్ళో ఎంతకు ఒప్పుకున్నాం, ఏ పోటీలో ఏ కప్పు కొట్టాం లాంటివి ఇందులో ఉండవు. ఆ కప్పులు రవి ఇంట్లో టీవీ పక్కన ఉన్నాయి, కావలసినవాళ్ళు పోయి చూసుకోవచ్చు.

నడుస్తూ వాయించడం

కచేరీలో వాయించేవాళ్ళు కూర్చుంటారు, వినేవాళ్ళూ కూర్చుంటారు. మన దగ్గర ఎవరూ కూర్చోరు. మనం నడుస్తూ వాయిస్తాం, జనం నడుస్తూ వింటారు, అది కూడా వింటే. పల్లవి ఒక వీధిలో అయితే చరణం ఇంకో వీధిలో. మిద్దె మీద నిలబడి చూసేవాళ్ళకు మొదలు దొరికితే చివర దొరకదు. పాట మంచి చోటికి వచ్చేసరికి ఎవడో పెళ్ళికొడుకు స్నేహితుడు అడ్డం వచ్చి, ఆపి వేరేది కొట్టమంటాడు. కొట్టాలి. నాయుడుపేట దగ్గర పెద్ద రోడ్డు పక్కన ఊరేగింపు తీస్తే మనం వాయించింది లారీ హారన్లలో కలిసిపోతుంది. తడ దాటి అరవ పక్కకు పోతే అక్కడ నాదస్వరానికి ముందు పీట, మనం వెనక నడవాలి. ఇవన్నీ మీకు ఎదురవుతాయి. మొహం మాడ్చుకోకండి.

డీజే బండ్లవాళ్ళను నాలుగు తిట్టమని కొందరు నన్ను ఎగదోస్తుంటారు. నేను తిట్టను. వాళ్ళూ పొట్టకూటి కోసమే పడుతున్నారు. కాని వాళ్ళకు ఒక సుఖం ఉంది. ఎదుటివాడు వింటున్నాడా లేదా అన్న దిగులు ఉండదు, వినక వాడు యాడికి పోతాడు? ఆ దిగులు మనకు జన్మంతా ఉంటుంది. నా పిల్లలు నన్ను నిద్ర లేపి అడిగినా నేను చెప్పేవాణ్ణి, ఆ రోజు ఊరేగింపులో ఎవరు నిజంగా విన్నారో.

మా మాస్టరు మునిరత్నం గారికి ఈ దిగులు నాకంటే ఎక్కువ. ట్రంపెట్ వాయించేవాడు. నోరు తెరిస్తే తిట్టు. "ఏంరా, నీ నోట్లో గాలి ఉండాదా, సద్దన్నం ఉండాదా?" అనేవాడు. కాని పెళ్ళి భోజనాల దగ్గర మాలో చివరివాడికి ఆకు వేసేదాకా తను కూర్చునేవాడు కాదు. మమ్మల్ని పెరట్లో కూర్చోబెట్టిన ఇంట్లో అసలు తినేవాడే కాదు, కడుపు బాగాలేదని చెప్పి లేచి వచ్చేసేవాడు. ఆ కడుపు ఎందుకు బాగాలేదో మాకు తెలుసు.

ఆయన కట్టిన బాణీ ఒకటి ఉంది. మాటలు లేవు. అప్పగింతలప్పుడు వాయించేది. ఆయన చెల్లెలి పెళ్ళిలో ఆమె కారెక్కేటప్పుడు మాస్టరు ఏదో సినిమా పాట వాయిస్తున్నాడట. కారు పోయాక ఆయనకు చాలా బాధ కలిగిందట, నా చెల్లెలికి ఎవరిదో పాట వాయించి పంపించినానే అని. ఆ ఏడే ఈ బాణీ కట్టాడు. మేము దాన్ని అప్పగింతల పాట అనేవాళ్ళం. రెండో భాగంలో ఒక చోట కింద నుంచి పైదాకా ఒకే ఊపిరిలో ఎక్కాలి. ఆ చోటును మేము మెట్టు అనేవాళ్ళం. అది క్లారినెట్‌కే ఉంది, అంటే నాకే. ఎన్ని ఏళ్ళు ఆ మెట్టు మీద నుంచి పడ్డానో నాకే తెలుసు. నా అదృష్టం ఏమిటంటే పెళ్ళిళ్ళలో ఎప్పుడూ అక్కడిదాకా రాదు. ఆడపిల్లను కారులో ఎక్కించేస్తారు, డ్రైవరు బండి కదిలిస్తాడు, మేము అక్కడితో ఆపేస్తాం. ఆ పాట చివర ఏ పెళ్ళిలోనూ ఎవరూ వినలేదు.

కుర్చీ వేయడం

ఇప్పుడు మా బ్యాండులో ఉన్న ఒక ఆచారం గురించి చెప్తాను. అది ఎట్లా మొదలైందో రవికి కూడా సరిగా తెలియదు.

తిరుపతిలో ఒక పెద్ద సభ జరిగింది. సంగీతాన్ని పోషించేవాళ్ళకు సన్మానం. మమ్మల్ని గేటు దగ్గర నిలబెట్టి వచ్చేవాళ్ళకు స్వాగతం వాయించమన్నారు. వాయించాం. కార్లు లోపలికి పోయాయి, గేటు మూశారు. లోపల శాలువాలు కప్పుతున్న చప్పట్లు బయటికి వినపడుతున్నాయి. సంగీతాన్ని పోషించేవాళ్ళు లోపల ఉన్నారు, సంగీతం గేటు బయట ఉంది. తిరుగు బస్సు పూతలపట్టు దాటింది. అప్పుడు మాస్టరు అన్నాడు:

"మనల్ని మోసేవాళ్ళు వేరే ఉండారప్పా. వాళ్ళకు ఎవురూ శాలువా కప్పరు. మనమే మర్యాద చేస్తాం."

ఆ ఏడు ఆయుధ పూజ నాడు, వాయిద్యాలకు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టాక, అందరం యూనిఫాం వేసుకుని బయలుదేరాం. మా బ్యాండును ఆ ఏడు మోసిన మనిషి ఇంటి ముందు కుర్చీ వేసి, ఆ మనిషిని కూర్చోబెట్టి, భుజం మీద కండువా కప్పి, ఒక పాట మొదట్నుంచి చివరిదాకా వాయించాలి. మధ్యలో ఎవరొచ్చి అడ్డం పడినా ఆపకూడదు. వాళ్ళ ఇంట్లో ఏమీ పుచ్చుకోకూడదు, కాఫీ కూడా. ఇవీ మాస్టరు పెట్టిన నియమాలు.

మొదటి కుర్చీ బస్సు కండక్టరు గోవిందస్వామికి. మా పెద్ద డ్రమ్మును బస్సెక్కిస్తుంటే ప్రయాణికులు కొట్లాటకు వచ్చేవాళ్ళు. "అదీ మనిషేనప్పా, కొంచెం లావు మనిషి. జరగండి" అని వెనక సీట్లో దానికి చోటు ఇప్పించేవాడు. ఆయన్ను కుర్చీలో కూర్చోబెడితే పల్లవిలో సిగ్గుపడ్డాడు, చరణంలో నిద్రపోయాడు. జన్మంతా నిలబడి పనిచేసిన మనిషి కదా. ఆయన భార్య తట్టి లేపబోతే మాస్టరు ట్రంపెట్ పెదవుల మీది నుంచి తియ్యకుండానే చెయ్యి ఊపి వద్దన్నాడు. పాట అయ్యేదాకా ఆయన్ను నిద్రపోనిచ్చాం. తర్వాతి ఏడు మా ఎర్ర కోట్లు కుట్టే దర్జీకి. ట్రంపెట్ ఎత్తి పట్టుకుంటే చంకలో పిగలకుండా కుట్టేవాడు. ఆయన పాటంతా మా చంకల వైపే చూస్తూ విన్నాడు.

ఇట్లా ఏటా ఒకరికి. ఎవరికి వెయ్యాలన్నది అందరం కూర్చుని తేల్చేవాళ్ళం, ఒకోసారి గొడవలూ పడేవాళ్ళం. పిల్లల్లారా, ఈ గొడవను మానకండి. ఎవరివల్ల మనం నడుస్తున్నామో ఏడాదికి ఒకసారైనా తలుచుకోకపోతే మనకంటే దరిద్రులు ఉండరు.

శెట్టిగారి గది

బ్యాండువాళ్ళకు సాధన చేసుకునే చోటు ఎవరూ ఇవ్వరు. ఇల్లు అద్దెకు అడిగితే మా చేతిలో డ్రమ్ము చూసి తలుపు వేసుకునేవాళ్ళు. చివరికి బెల్లం మండీలో ఒక శెట్టిగారు తన కొట్టు వెనక ఉన్న ఖాళీ గది ఇచ్చాడు. గది నిండా బెల్లం వాసన. వాయిద్యాల మీద చెయ్యి పెడితే అంటుకుపోయేది. ఒకసారి పెద్ద డ్రమ్ములోకి చీమలు పుట్టగా చేరి, మొదటి దెబ్బకే డ్రమ్ము కొట్టే సుబ్రమణ్యం చేతుల నిండా ఎక్కేశాయి. వాడు ఆ రోజు వేసిన తాళం మళ్ళీ ఎవరూ వెయ్యలేకపోయారు.

గది ఇచ్చినందుకు ఒక ఏడు శెట్టిగారికి కుర్చీ వేశాం. అటు కొట్టు ముందు బెల్లం వేలం జరుగుతోంది. ఆయన కుర్చీ అంచున కూర్చుని, ఒక చెవి మాకు, ఒక చెవి వేలానికి ఇచ్చి, సగంలో "బాగుండాదప్పా, చాలు, సరుకు వచ్చింది" అని లేవబోయాడు. మాస్టరు కదలనివ్వలేదు. మాకు తర్వాత తెలిసింది, ఆ గది మాకు ఇప్పించింది శెట్టిగారు కాదు, ఆయన భార్య కాంతమ్మ. "వాళ్ళు వాయించుకుంటే నీ బెల్లం కరిగిపోతాదా?" అని మొండికేసి ఇప్పించిందట. ఆమెకు కుర్చీ వేద్దామంటే మాస్టరు ఎన్నిసార్లు కబురు పెట్టినా, "నాకెందుకప్పా కుర్చీ, నేనేమన్నా కలెక్టరునా" అని నవ్వి పంపేసేది.

ఆమె వంటిల్లు మా గదికి గోడ అవతలే. మొహం మేము ఎప్పుడో గాని చూసేవాళ్ళం కాదు, గొంతు మాత్రం బాగా ఎరుగుదుం. గోడకు పైన చిన్న కిటికీ ఉండేది, అందులో నుంచి తిరగమోత ఘాటు, ఆమె మాటలు వచ్చేవి. మేము అప్పగింతల పాట సాధన చేసేటప్పుడు నేను మెట్టు దగ్గర పడిపోతాను, మాస్టరు తిడతాడు, మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ పడతాను. అప్పుడు గోడ అవతల నుంచి, "ఏమప్పా, ఈ పొద్దు కూడా పడినాడా చెంగల్రాయుడు?" అని వినపడేది. అందరూ నవ్వేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు దాటాను. మాస్టరు తిట్టలేదు, తల ఊపాడు. గోడ అవతల కూడా ఏ మాటా లేదు. ఆ రోజు నుంచి సాధనలో నేను ఆ మెట్టు దాటుతూనే వచ్చాను.

శెట్టిగారు పోయారు. మాస్టరు పోయారు. రవి చేతికి వచ్చాక బ్యాండు పిల్లలు ఎవరి ఇంట్లో వాళ్ళు ఫోనులో పాట పెట్టుకుని నేర్చుకోవడం మొదలుపెట్టారు, పెళ్ళి రోజు కలుస్తారు. అది తప్పని నేను అనను. తొందరగా నేర్చుకుంటున్నారు కూడా. మండీ గదికి తాళం పడింది. కాంతమ్మ ఆ గదిని ఎవరికీ అద్దెకు ఇవ్వలేదు.

ఎవరు పోయినారప్పా?

పోయిన ఏడు దసరాకు ముందు నేను బెల్లం కొనడానికి మండీకి పోయాను. కాంతమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. పలకరిస్తే తల పక్కకు తిప్పి, "ఈ పక్కకు వచ్చి చెప్పు చెంగల్రాయా. ఆ చెవి పోయింది. ఇది కూడా పోతా ఉండాదని డాక్టరు చెప్పినాడు" అంది, చింతకాయ పచ్చడి అయిపోయిందని చెప్పినట్టు. చెవి మిషను పెట్టుకుంటే అని నేను అడగబోయాను. "పెట్టినారు. అందరూ డబ్బాలో కూర్చుని మాట్లాడినట్టు ఉండాది. తీసేసినాను."

బెల్లం కొనకుండానే ఇంటికి వచ్చేశాను. మా బ్యాండును అన్నేళ్ళు విన్న చెవి అది. రవిని పిలిచి, ఈ ఏడు కుర్చీ కాంతమ్మకే అన్నాను. ఆమె వద్దన్నా సరే, చెప్పకుండా పోదాం. పూర్తి చెవుడు వచ్చేలోగా అప్పగింతల పాట చివరిదాకా ఒకసారి ఆమెకు వినిపించాలి. రవికి కూడా నచ్చింది. వాడు నా దగ్గరే క్లారినెట్ నేర్చుకున్నవాడు, మెట్టును అవలీలగా దాటుతాడు.

ఇక్కడ మేము ఒక పొరపాటు చేశాం. బ్యాండువాళ్ళం మాత్రమే చెయ్యగలిగిన పొరపాటు. కాంతమ్మకు చెప్పకూడదనుకున్నాం కాబట్టి ఆ వీధిలో ఎవరికీ చెప్పలేదు. ఆయుధ పూజ నాడు పొద్దున్నే పోయి ఆమె ఇంటి ముందు వరసగా నిలబడ్డాం. పందిరి లేదు, పెళ్ళికొడుకు లేడు, పూలకారు లేదు. ఒక ముసలామె ఉన్న ఇంటి ముందు, పొద్దున్నే, బ్యాండు నిలబడి ఉంది. పైగా వాయించబోయేది ఏడుపు పాట. మన ఊళ్ళో అటువంటి బ్యాండును చూస్తే ఏమనుకుంటారు?

సుబ్రమణ్యం డ్రమ్ము మీద రెండు దెబ్బలు వేసి చూసుకున్నాడో లేదో, అటువైపు వేలం ఆగిపోయింది. మండీ మేస్త్రీ తలకు చుట్టిన తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని వచ్చాడు. ఎదురింటి ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆయుధ పూజకు తెచ్చుకున్న చామంతి దండనే ఒకాయన పట్టుకుని పరుగున వచ్చాడు. వీధి నిండిపోయింది. మాకు ఏం జరుగుతోందో అర్థమయ్యేసరికి తలుపు తెరుచుకుని కాంతమ్మే బయటికి వచ్చింది. దండ చూసింది, తువ్వాలు తీసిన తలలు చూసింది, మమ్మల్ని చూసింది.

"ఎవురు పోయినారప్పా?" అంది భయంగా.

మండీ మేస్త్రీ ఆమె మంచి చెవి దగ్గరికి వచ్చి, "నువ్వేననుకుంటిమి తల్లీ" అన్నాడు.

ఆమె అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "పోలేదులేప్పా, ఇంకా ఉండా. వచ్చినారు గదా, కూర్చోండి" అంది. ఆడమనిషికి కండువా ఎట్లా కప్పాలా అని రవి తటపటాయిస్తుంటే, "కప్పప్పా, నాకేం" అని తనే భుజం చూపించింది. చామంతి దండ తెచ్చినాయన దాన్ని ఏం చెయ్యాలో తెలియక కొంచెంసేపు నిలబడి, చివరికి పెద్ద డ్రమ్ముకు వేశాడు.

రవి పాట ఎత్తుకున్నాడు. బాగా వాయించాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి, నాకంటే బాగా వాయించాడు. మెట్టు దగ్గర ఒక్క క్షణం కూడా తడబడలేదు. పాట చివర ఆ వీధిలో మొదటిసారి వినపడింది. ఎదురింటి ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. నా కళ్ళ ముందు మాస్టరు చెల్లెలు, నేను కారెక్కించిన ఆడపిల్లలందరూ కదిలారు. వాళ్ళలో నా కూతురూ ఉంది. నా పెదవులు వాటంతట అవే బిగుసుకుని, లేని పళ్ళను వెతుక్కున్నాయి.

కాంతమ్మ మంచి చెవిని మా వైపు పెట్టి కదలకుండా విన్నది. అయిపోయాక, "బాగుండాదప్పా" అంది. శెట్టిగారు అన్న మాటే.

ఆమె పాట

జన్మంతా వినేవాళ్ళ మొహాలు చూసినవాణ్ణి. ఆ మాటలో తేడా నాకు తెలిసింది. మర్నాడు పోయి ఆమె మంచి చెవి పక్కన అరుగు మీద కూర్చుని అడిగాను, పాట నచ్చలేదా అని.

"నచ్చకేమప్పా. పిల్లోడు బాగా వాయించినాడు." తర్వాత అంది, "అది నా పాట కాదు."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు ఆడ పడిపోతా ఉంటివి గదా. మాస్టరు తిడతా ఉండె. మళ్ళా మొదట్నుంచి. ఈ పక్క నేను పొయ్యి కాడ నిలబడి, ఈ సారన్నా దాటుతాడా అని ఊపిరి పట్టుకుని ఉంటిని. పప్పు మాడిపోయేది. మా ఆయన భోజనానికి వచ్చి 'ఏం, ఈ పొద్దు కూడా పడినాడా వాడు?' అని నవ్వేవాడు. మా పిల్ల బడి నుంచి వచ్చి అదే అడిగేది. ఇంటిల్లిపాదికీ నీ గొడవే." ఆమె గోడ వైపు చూసింది. "నువ్వు దాటిన రోజు మా ఆయనకు చెప్పినాను. 'అయ్యో, ఇంక మనకేముండాది' అన్నాడు. ఆ ఇల్లు మళ్ళా వినాలని ఉండాది చెంగల్రాయా. చెవి ఉన్నప్పుడే ఒక్కసారి."

నా ఉద్యోగంలో సిగ్గుపడ్డ రోజులన్నీ ఆ గోడ అవతల ఎవరికో అంత ఇష్టంగా మిగిలాయని నాకు ఎప్పుడూ తోచలేదు. మేము ఇరవై మందిమి ఇస్త్రీ కోట్లు వేసుకుని పోయి, ఆమెకు అక్కరలేనిది ఇచ్చి వచ్చాం. సన్మానం చేసేవాళ్ళందరూ చేసేదే చేశాం. మనకు ఏది గొప్పో అది ఇచ్చాం.

రవికి చెప్తే నెత్తి పట్టుకున్నాడు. "తప్పులు వాయించి వినిపించేదా మావా? దానికి మర్యాద అని పేరా? మనకు పరువుండాదా లేదా?"

"కావాలని తప్పులు వాయిస్తే ఆమెకు తెలిసిపోతాదిరా. నిజంగా రానివాళ్ళు కావాల" అన్నాను. "రానివాళ్ళకు నీ బ్యాండులో కొదవా?"

వాడు కోపంగా లేవబోయి, నవ్వేశాడు. "కవితను తీసుకపో. నీకు తగిన మనిషి."

కవిత ఆ ఏడే చేరిన పిల్ల, డిగ్రీ చదువుతూ క్లారినెట్ నేర్చుకుంటోంది. మా బ్యాండులో మొదటి ఆడపిల్ల. ఆమెతో పాటు, డ్రమ్ము నేర్చుకుంటున్న సుబ్రమణ్యం మనవడితో సహా ఇంకో నలుగురిని తీసుకుని పోయి, మండీ గది తాళం తీయించాను. దుమ్ము దులిపాం. బెల్లం వాసన అట్లాగే ఉంది. నాకు పళ్ళు లేవు కాబట్టి నోటితో పాడి చూపిస్తూ, మాస్టరు నిలబడ్డ చోట నిలబడ్డాను. కవిత ఎత్తుకుంది. మెట్టు సగం ఎక్కి పడింది. మళ్ళీ మొదట్నుంచి. మళ్ళీ పడింది. నాకు నిజంగానే కోపం వచ్చింది.

"ఏమ్మా, నీ నోట్లో గాలి ఉండాదా, సద్దన్నం ఉండాదా?"

"తాతా, ఊపిరి సాలడం లేదు!" అని ఆ పిల్ల ఏడుపు మొహం పెట్టింది.

అప్పుడు గోడ అవతల నుంచి, ఎన్నో ఏళ్ళ తర్వాత, ఆ గొంతు వినపడింది.

"ఏమప్పా, పడినాదా?"

నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను, పిల్లలు నా మొహం చూడకుండా. "పడినాదమ్మా" అని అరిచాను.

"మళ్ళా వాయించమను!"

గోడ

ఆ తర్వాత వారంలో చాలా రోజులు పోయేవాళ్ళం. కాంతమ్మ వంటింట్లో గోడ పక్కనే కుర్చీ వేయించుకుంది. అది మేము వేసింది కాదు, ఆమె వేసుకున్నది. కవిత పడినప్పుడల్లా అవతల నుంచి ఏదో ఒక మాట. రోజులు గడిచేకొద్దీ ఆ మాటలు తగ్గాయి. కొన్నిసార్లు ఆ పిల్ల పాట ఆపేసి నీళ్ళు తాగుతున్నప్పుడు కూడా "పడినాదా?" అని వినపడేది. మేము ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్ళం. మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యేనాటికి ఆమె కూతురు వచ్చి చెప్పింది, ఆ చెవి కూడా పోయిందని. ఇప్పుడు ఏదైనా చెప్పాలంటే చేత్తో చూపించాలి.

పిల్లలు సాధన ఆపేద్దామన్నారు. "తాతా, ఆమెకే వినపడనప్పుడు ఆడికి పోయి ఏం చేసేది?" అంది కవిత. పెళ్ళిళ్ళ పని కూడా ఎక్కువగా ఉంది. నేను వద్దనలేదు. నాకూ ఆ గదిలో నిలబడే ధైర్యం లేదు. నాలుగైదు రోజులు పోలేదు.

ఒకరోజు పొద్దున కాంతమ్మ కూతురి చెయ్యి పట్టుకుని మా ఇంటికే వచ్చింది. ఆమె మా ఇంటి గడప తొక్కడం అదే మొదలు. నా భార్య కుర్చీ వేస్తే కూర్చోలేదు. నా మొహంలోకి చూసి, చెవిటివాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా అడిగింది:

"ఏమప్పా, నాలుగు దినాలుగా గోడ ఊరకే ఉండాది? ఆ పిల్లకు ఒళ్ళు బాగలేదా?"

అప్పుడు కూతురు చెప్పింది. అమ్మ రోజూ ఆ వేళకు కుర్చీలో కూర్చుని గోడకు అరచెయ్యి ఆనించి ఉంటుందట. డ్రమ్ము దెబ్బలు చేతికి తెలుస్తాయట. దెబ్బలు ఆగిపోతే పిల్ల పడిందని లెక్క. మళ్ళీ మొదలైతే చెయ్యి తీసి, పొయ్యి మీద ఉన్నది చూసుకుని వచ్చి, మళ్ళీ ఆనిస్తుందట.

ఒళ్ళు బాగానే ఉందని చేత్తో చూపించాను. వస్తున్నామని చూపించాను. ఎట్లా చూపించానో నాకు గుర్తు లేదు, ఆమెకు మాత్రం అర్థమైంది.

కవితకు ఫోను చేశాను. సుబ్రమణ్యం మనవడు డ్రమ్ము తెచ్చాడు. మండీ గది తాళం తీశాం. పెద్ద డ్రమ్మును గోడకు ఆనించి పెట్టించాను. కవిత ఎత్తుకుంది, మెట్టు దాకా వచ్చింది, పడింది. డ్రమ్ము ఆగింది.

గోడ అవతల కాంతమ్మకు వినపడదని తెలుసు. అయినా మాస్టరు తిట్టినంత గట్టిగా తిట్టాను.